వాన లేని రోజు కూడా తెల్లవారుజామున ఆర్‌సీసీబీ ట్రిప్ అవుతోందంటే: బయటి కనెక్షన్లు, ఉప్పుగాలి

విశాఖ లాసన్స్ బే కాలనీ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. సముద్రానికి రెండు వీధుల దూరంలో ఇల్లు. గేటు స్తంభాల మీద రెండు లైట్లు, డాబా మీద ఫ్లడ్ లైటు, మూడు సీసీ కెమెరాలు, సంపులో మోటరు ఉన్నాయి. వాన చుక్క పడకపోయినా తెల్లవారుజామున, కరెంటు ఎర్త్‌కు లీకైతే సప్లై ఆపేసే ఆర్‌సీసీబీ ట్రిప్ అవుతోంది. ఎండెక్కాక పైకి వేస్తే నిలబడుతోంది. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడల్లా ఇంకో చుట్టు టేపు వేసి, బయట వైర్లు కలిపే డబ్బా అంచుల వెంట సిలికాన్ పట్టించి వెళ్తున్నాడు. దుమ్ము, నీరు ఆపే రేటింగ్ ఐపీ65 అని రాసి ఉన్న డబ్బా కొని పెట్టినా లోపల రాగి పచ్చబడుతోంది. ఇంకా ఖరీదైన డబ్బా కొనాలా, లేక ఆర్‌సీసీబీయే పాడైందా అని అడుగుతున్నారు.

సూటిగా చెప్తాను. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే ఆర్‌సీసీబీ తన పని తాను చేస్తోంది. కొత్త డబ్బా కొన్నా ఇదే కథ మళ్ళీ మొదలవుతుంది. మీ ఎలక్ట్రీషియన్ డబ్బాను సీల్ చేస్తున్నాడు, సీల్ చేయాల్సింది లోపలున్న ఒక్కో జాయింటును. డబ్బాకు అడుగున చిన్న రంధ్రం ఉండాలి. వైర్లన్నీ కింది నుంచే లోపలికి రావాలి. ప్రతి జాయింటూ విడిగా జెల్‌లోనో, వేడి చేస్తే బిగుసుకునే గొట్టం, అంటే జిగురున్న హీట్ ష్రింక్‌లోనో మూసి ఉండాలి. పచ్చబడిన తీగను గీకి మళ్ళీ వాడకుండా మంచి రాగి కనిపించేదాకా కోసేయాలి. అన్నిటికంటే ముందు, బయట ఉన్న జాయింట్లలో ఎన్నిటిని ఇంటి లోపలికి తేగలరో చూడండి. లేని జాయింటుకు చిలుము పట్టదు.

ఇప్పుడు కారణాలు. పెదజాలరిపేట నుంచి భీమిలి దాకా సముద్రం పక్క ఇళ్ళలో, అపార్టుమెంట్లలో నేను చేసే పనిలో సగం ఈ గొడవే కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

తెల్లవారుజామునే ఎందుకు? మన ఊళ్ళో వైర్లకు అసలు శత్రువు ఉప్పు. అలలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర గాలిలో కలిసి వచ్చి గోడల మీద, డబ్బాల మీద, కనెక్టర్ల సందుల్లో ఉప్పుగా మిగిలిపోతుంది. పొడిగా ఉన్నంతసేపు ఆ ఉప్పు పెద్దగా కరెంటు లాగదు. కానీ గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు గాలిలోని నీటిని పీల్చుకుని దానంతట అదే కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అది అంతకంటే చాలా తక్కువ తేమకే చెమ్మగిల్లుతుంది. విశాఖలో తెల్లవారుజామున గాలిలో తేమ చాలా రోజులు ఈ హద్దు దాటే ఉంటుంది. అప్పుడు కనెక్టర్ మీద కంటికి కనపడని ఉప్పునీటి పొర ఏర్పడి, ఫేజ్ నుంచి ఎర్త్‌కు సన్నటి దారి దొరుకుతుంది. ఎండ రాగానే ఆ పొర ఆరిపోతుంది. మీరు తొమ్మిదింటికి స్విచ్ పైకి వేస్తే ఏమీ జరగనట్టు నిలబడుతుంది. మధ్యాహ్నం వచ్చే ఎలక్ట్రీషియన్‌కు తప్పు దొరకకపోవడం కూడా ఇందుకే.

దీన్లోనే చాలామంది నమ్మని సంగతి ఒకటుంది. వాన తగలకుండా సన్‌షేడ్ కింద బిగించిన డబ్బా, వానలో నానే డబ్బా కంటే ముందు తుప్పు పడుతుంది. వానకు ఎదురుగా ఉన్నదాని మీది ఉప్పును వాన కడిగేస్తుంది. చాటున ఉన్నదాని మీద జనవరి నుంచి మే దాకా ఉప్పు పేరుకుంటూనే ఉంటుంది, కడిగేవాళ్ళు ఉండరు. ఆ తరువాత జూన్‌లో తొలకరి జల్లు పడిన రాత్రి నాకు ఫోన్ల మీద ఫోన్లు. గట్టి వానకు కాదు, సన్నటి తుంపరకే. గట్టి వాన అయితే ఉప్పును కొట్టుకుపోయేలా చేస్తుంది. తుంపర దాన్ని తడిపి వదిలేస్తుంది. సన్‌షేడ్ వద్దని అనడం లేదు, ఎండ నుంచి కాపాడుతుంది కాబట్టి అది ఉండాల్సిందే. ఎండాకాలంలో నెలకోసారి సప్లై ఆపి, మంచినీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో డబ్బా పైభాగం, మూత అంచులు, వైరు లోపలికి దూరే చోట బిగించే గ్లాండ్లు తుడిస్తే చాలు. పైసా ఖర్చు లేని పని కాబట్టే ఎవరూ చెయ్యరు.

ఆర్‌సీసీబీ లెక్క కూడా ఒకసారి చూడండి. ఇళ్ళలో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లది. అంటే 230 వోల్టుల దగ్గర లీకేజీ దారి నిరోధం 7,700 ఓమ్‌లకు పడిపోతే తప్పకుండా పడిపోవాలి. నిజానికి 15 నుంచి 30 మధ్య ఎక్కడైనా పడిపోవచ్చు, అలానే తయారు చేస్తారు. ఎల్ఈడీ డ్రైవర్లు, కంప్యూటర్లు, ఇన్వర్టర్ ఏసీలు మామూలుగానే కొద్దికొద్దిగా ఎర్త్‌కు వదులుతుంటాయి. అవన్నీ కలిపి ఏ ఆరో ఏడో అయితే, గేటు లైటు దగ్గర చెమ్మ ఇంకో పది కలిపితే చాలు. దయచేసి ఎవరు చెప్పినా ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్టుగా ఇవ్వనివ్వకండి. రోగం ఒకటి, మందు ఒకటి అయిపోతుంది. అది ట్రిప్ కాకపోతే ఆ లీకేజీ గేటు ఇనుములోకి వెళ్తుంది, గేటు తీసేది పిల్లలో పాలబ్బాయో. గేటు ముట్టుకుంటే జిల్లుమంటోందని ఎప్పుడైనా అనిపిస్తే మాత్రం ఇక ఆలోచించకండి, ఆ లైన్ అక్కడికక్కడ ఆపేయండి.

డబ్బా సంగతికి వద్దాం. ఐపీ65లో మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. 6 అంటే దుమ్ము చొరబడదు, 5 అంటే నాజిల్ నుంచి కొట్టే నీటిధారకు తట్టుకుంటుంది. ఆ పరీక్ష కొత్త డబ్బా మీద, మామూలు నీటితో, కొన్ని నిమిషాలు చేస్తారు. ఉప్పుకు ఎంత తట్టుకుంటుంది, నాలుగు ఎండాకాలాల తరువాత రబ్బరు ఎలా ఉంటుంది అన్నవి ఆ అంకెల్లో లేవు. పైగా వైరు కోసం పైభాగాన మీరే డ్రిల్లు వేశాక ఆ అంకెకు అర్థమే లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఎండలో ఉన్న డబ్బా లోపలి గాలి 60 డిగ్రీలకు పోయి, రాత్రి 25 డిగ్రీలకు దిగితే, ఆ గాలి సుమారు పదో వంతు కుంచించుకుంటుంది. అంటే పగలు ఆ మేరకు గాలి బయటికి పోతుంది, రాత్రి బయటి చెమ్మగాలి లోపలికి వస్తుంది. వైరు పక్కనున్న వెంట్రుకవాసి సందు చాలు దానికి. లోపలికి వచ్చిన ఆవిరి చల్లబడి నీటిబొట్టవుతుంది. నీరు అయ్యాక అదే సందులోంచి బయటికి పోదు. రోజూ ఇంతింత చేరి, సిలికాన్ బాగా పట్టించిన డబ్బాలోనే అడుగున నీళ్ళు నిలబడి ఉంటాయి. ఎం-సీల్‌తో మూత చుట్టూ మూసేసిన డబ్బాలను నేను సుత్తి, ఉలి పెట్టి తెరవాల్సి వచ్చింది. తెరిస్తే లోపల చిన్న చేపలతొట్టి.

అందుకని డబ్బా ఇలా పెట్టిస్తాను. పాలికార్బొనేట్ డబ్బా, తెలుపో లేత బూడిద రంగో. ముదురు రంగైతే ఎక్కువ వేడెక్కి ఎక్కువ గాలి పీలుస్తుంది. మామూలు ఏబీఎస్ ప్లాస్టిక్ నేరుగా ఎండ పడేచోట పెళుసెక్కి పగులుతుంది. జీఐ డబ్బా, అంటే జింకు పూత ఇనుముది, బీచ్ దగ్గర వద్దే వద్దు. గోడల్లో చూసుకుంటే సముద్రం వైపు తిరగని గోడ మంచిది. వైర్లన్నీ అడుగు నుంచే గ్లాండ్ల ద్వారా లోపలికి రావాలి, గ్లాండ్ సైజు కేబుల్‌కు సరిపోవాలి. గుండ్రటి కేబుల్ కోసం చేసిన గ్లాండ్‌లో రెండు విడి వైర్లు దూర్చి బిగిస్తే మధ్యలో సందు అలాగే ఉంటుంది. గ్లాండ్‌కు ముందు కేబుల్‌ను కాస్త కిందికి వేలాడేలా వంపు తిప్పి పైకి తేవాలి, వైరు వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. డబ్బాలో అన్నిటికంటే కిందున్న మూలలో ఒక 5 మిల్లీమీటర్ల రంధ్రం. లోపల చేరే చెమ్మకు అదే దారి. ఆ రంధ్రానికి లోపలి వైపు సన్నటి స్టీలు జాలీ ముక్క అంటించండి. లేకపోతే చీమలు పుట్ట పెడతాయి, కందిరీగలు మట్టితో మూసేస్తాయి. ఎండాడలో ఒక అపార్టుమెంటులో రంధ్రం ఉన్నా నీళ్ళు నిలిచాయంటే వెళ్ళి చూశాను. రంధ్రం నిండా కందిరీగ గూడే.

డబ్బాతో వచ్చే మరలు తీసిపారేసి స్టెయిన్‌లెస్ మరలు వేయండి. 316 రకం దొరికితే అది, అందులో మాలిబ్డినం ఉండటం వల్ల ఉప్పుకు బాగా ఆగుతుంది. 304 అయినా ఫర్వాలేదు, కాకపోతే పైన టీ రంగు మరకలు పడతాయి. షాపులో అయస్కాంతం పెట్టి 316 అని చూపిస్తే నమ్మకండి. అయస్కాంతం ఆ రెండింటికీ తేడా చెప్పలేదు. సిలికా జెల్ పొట్లాలు వేయమంటారా అని అడుగుతుంటారు. మన గాలికి అవి కొద్దిరోజుల్లోనే నిండిపోతాయి, ఆ తరువాత డబ్బాలో అవీ ఓ చెత్త.

ఇక అసలు విషయం, జాయింటు. ముందుగా మీ డబ్బాలో పచ్చబడిన వైరును పట్టుకుని ఇన్సులేషన్ ఇంకో అంగుళం వెనక్కి ఒలిచి చూడండి. సప్లై పూర్తిగా ఆపాకే. పైన పచ్చగా చిలుము, లోపలికి పోయేకొద్దీ రాగి నల్లగా, మెరుపు లేకుండా కనిపిస్తుంది. పోగుల తీగ అయితే ఉప్పునీరు ఆ పోగుల మధ్య నుంచి పీల్చుకుంటూ ఇన్సులేషన్ లోపలికి ఎక్కిపోతుంది. ఒక్కోసారి జానెడు దాకా నల్లగానే ఉంటుంది. ఉప్పుకాగితం పెట్టి గీకితే పై పోగులే మెరుస్తాయి, లోపలివి నల్లగానే ఉండిపోతాయి. అలాంటి తీగను ఎంత బాగా కలిపినా జాయింటు వేడెక్కుతుంది. లెక్క వేసుకోండి. 10 ఆంపియర్లు పోయే వైరులో చిలుము వల్ల అర ఓమ్ నిరోధం చేరితే ఆ ఒక్క చోటే 50 వాట్ల వేడి. సోల్డరింగ్ ఐరన్ అంత వేడి మీ టేపు చుట్ట లోపల. గేటు లైటుకు అంత కరెంటు పోదు కాబట్టి వెలుతురు మిణుకు మిణుకుమంటుంది, అంతే. మోటరుకో ఏసీకో అయితే కాలుతుంది. కాబట్టి మంచి రాగి వచ్చేదాకా కోయండి. వైరు పొట్టి అయిపోతే కొత్త వైరు లాగండి. కొత్తది కొనేటప్పుడు కళాయి పూసిన రాగి తీగ దొరికితే బయటి పనికి అదే తీసుకోండి, పడవల్లో వాడేది అదే.

పెనవేసి టేపు చుట్టే పద్ధతి బయట పనికిరాదు. మామూలు పీవీసీ టేపు జిగురు మన ఎండకు కరిగి పాకంలా కారిపోతుంది. ఆ చుట్ట వదులై, లోపల తడి పట్టి ఉంచుకునే గుడ్డలా తయారవుతుంది. టేపు మీద టేపు వేయడమంటే ఆ తడికి ఇంకో దుప్పటి కప్పడమే. దాని బదులు తీగలను సరైన సైజు స్లీవ్ అనే చిన్న లోహపు గొట్టంలో పెట్టి క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కండి. మామూలు కటింగ్ ప్లయర్‌తో నలిపితే అది క్రింపింగ్ కాదు. దాని మీద లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ వేయండి. షాపులో మామూలు హీట్ ష్రింక్ ఇస్తారు, అందులో జిగురు ఉండదు, రంగుల ముచ్చటే తప్ప నీటిని ఆపదు. అడిగి తీసుకోండి. వేడి చేసినప్పుడు రెండు చివర్లా జిగురు ఉంగరంలా బయటికి ఉబికి రావాలి. అలా వస్తేనే లోపల నిండినట్టు. ఒకే చివర నుంచి రెండు వైర్లు వచ్చే జాయింటుకు మాత్రం ఇది కుదరదు, రెండింటి మధ్య సందు మిగిలిపోతుంది. అక్కడ జెల్ నింపిన చిన్న పెట్టెలు దొరుకుతాయి. కనెక్టర్‌ను జెల్‌లోకి నొక్కి మూత వేస్తే అయిపోతుంది, రేపు తెరవాలన్నా తెరవచ్చు. నాకు ఇప్పుడు చిన్న కనెక్షన్లకు ఇదే ఇష్టం.

రబ్బరు టేపు ఒకటుంది, సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు అంటారు. దానికి జిగురు ఉండదు. సాగదీసి చుడితే తనలో తానే అతుక్కుని ఒకే ముద్ద అవుతుంది. సాగదీయకుండా చుడితే అతకదు, చాలామంది చేసే పొరపాటు అదే. వెడల్పు మూడింట రెండొంతులు అయ్యేదాకా లాగి, సగం మీద సగం పడేలా చుట్టాలి. నిలువుగా ఉన్న కేబుల్ మీద కింది నుంచి పైకి చుట్టుకుంటూ పోవాలి, పెంకుటింటి కప్పు మీద పెంకుల్లాగా పై చుట్టు కింది చుట్టు మీద పడితేనే నీరు జారిపోతుంది. దాని మీద ఎండకు ఆగడానికి నల్ల పీవీసీ టేపు ఒక పొర.

సిలికాన్ గురించి ఒక్క మాట. గొట్టం నొక్కగానే వెనిగర్ వాసన గుప్పుమంటోందా? అయితే దాన్ని కరెంటు డబ్బా దరిదాపులకు రానివ్వకండి. అది ఆరేటప్పుడు అసిటిక్ ఆమ్లం వదులుతుంది, మూసిన డబ్బాలో ఆ ఆవిరి రాగిని తినేస్తుంది. మీ రాగి పచ్చబడటంలో దాని వాటా కూడా ఉండి ఉంటుందని నా అనుమానం. న్యూట్రల్ క్యూర్ అని గొట్టం మీద రాసి ఉన్నది వాడాలి, దానికి ఆ పుల్లటి ఘాటు ఉండదు. అదీ డబ్బాకూ గోడకూ మధ్య పైన, రెండు పక్కలా మాత్రమే. అడుగు అంచు వదిలేయండి, గోడ వెంట దిగిన నీరు పోవాలి కదా.

గ్రీజు, వాసెలిన్ రాయవచ్చా అంటే రాయవచ్చు, రాసే చోటు తెలిస్తే. స్క్రూ ముందు గట్టిగా బిగించి, లోహం లోహానికి ఆనాక, పైన పల్చగా పూయాలి. వాసెలిన్ ఎండలో డబ్బా వేడికి కరిగి కారిపోతుంది, పైగా కొన్ని రకాల రబ్బరు గ్యాస్కెట్లను ఉబ్బిస్తుంది. సిలికాన్ గ్రీజు ఆ రెండు విషయాల్లోనూ మేలు. కానీ స్విచ్‌లు, రిలేలు, స్టార్టర్ కాంటాక్టుల మీద సిలికాన్ గ్రీజు రాయకండి. అక్కడ పుట్టే నిప్పురవ్వకు అది గాజుపొడిలాంటి పొరగా మారి కాంటాక్టును చెడగొడుతుంది. డబ్ల్యూడీ-40 తడిని తరమడానికి పనికొస్తుంది కానీ ఉప్పుగాలి నుంచి ఎక్కువకాలం కాపాడదు.

అల్యూమినియం తీగను రాగి తీగతో నేరుగా పెనవేసి ఉంటే అది మొదట సరిచేయించండి. ఉప్పు చెమ్మ తగిలితే ఆ రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ తయారై అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది. ఆ రెండింటినీ కలపడానికి బైమెటల్ థింబుల్స్ అనే జోడింపు ముక్కలు దొరుకుతాయి. మీటరుకు ముందున్న సర్వీసు వైరులో ఇది కనిపిస్తే మాత్రం మీరుగానీ మీ ఎలక్ట్రీషియన్‌గానీ చెయ్యి పెట్టకండి. 1912కు ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వండి.

మీ కెమెరాలు ఏ రకమో రాయలేదు. 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచేవైతే ఒకసారి ఆ గుండ్రటి పిన్ను ఊడదీసి చూడండి. ఆడ కనెక్టర్ మధ్యలో ఉన్న సన్నటి పుల్ల సాధారణంగా ప్లస్. బయటి గొట్టం మైనస్. చాలా ఇళ్ళలో బయటి గొట్టం మెరుస్తూనే ఉంటుంది, మధ్య పుల్ల మాత్రం పచ్చటి పొడి పట్టి సగానికి అరిగి ఉంటుంది. డీసీలో కరెంటు ఒకే దిక్కున పోతుంది కాబట్టి, ఉప్పునీటి పొర మీదుగా ప్లస్ వైపు లోహం అణువణువూ కరిగి పోతుంది. ఇంట్లో వచ్చే ఏసీ కరెంటులో దిక్కు మారుతూ ఉండటం వల్ల ఈ తినేయడం అంత వేగంగా ఉండదు. అందుకే 12 వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అని టేపు కూడా వేయకుండా వదిలేసిన కెమెరా వైరు అన్నిటికంటే ముందు చస్తుంది. నెట్‌వర్క్ కేబుల్ మీదే కరెంటు పోయే కెమెరాలకూ ఇదే గతి, ఆ ప్లగ్గుల బంగారు పూత చాలా పల్చన. కనెక్టర్‌ను కెమెరా వెనక చిన్న డబ్బాలో పెట్టండి, పిన్నులకు కొంచెం సిలికాన్ గ్రీజు, పైన రబ్బరు టేపు. అడాప్టర్లను ఎలాగైనా ఇంట్లోకి తెచ్చేయండి.

గేటు లైట్ల దగ్గర మీ గొడవ ఎక్కువగా ఉంటుందని నా అంచనా. రుషికొండ దగ్గర ఒక ఇంట్లో గేటు లైటు హోల్డర్ మూడుసార్లు మార్చారు, ప్రతిసారీ నీళ్ళే. హోల్డర్ తప్పేమీ లేదు. ఇంటి నుంచి గేటు స్తంభం దాకా నేలలో వేసిన కాండ్యూట్ పైపు నిండా నీళ్ళున్నాయి. ఎండకు ఆ నీరు ఆవిరై పైపులోంచి నేరుగా హోల్డర్‌లోకి ఎక్కుతోంది. నేలలో వేసిన పైపులో నీరు చేరుతుందనే అనుకోండి. లోపల విడి ఇంటి వైర్లు కాకుండా, నేలలో వేయడానికి తగిన, లోహపు కవచం ఉన్న ఆర్మర్డ్ కేబుల్‌గానీ మంచి షీత్ (పై తొడుగు) ఉన్న కేబుల్‌గానీ వేయాలి, మధ్యలో జాయింటు ఉండకూడదు, పైకి వచ్చేచోట పైపు నోరు డక్ట్ సీల్ పుట్టీతో మూయాలి. ఆ పుట్టీ గట్టిపడదు, అవసరమైతే పీకేయొచ్చు. పైపు నోట్లో ఎం-సీల్ పెట్టినవాళ్ళను వైరు మార్చాల్సి వచ్చినరోజు అడగండి ఎలా ఉందో.

సంపు మోటరు సబ్‌మెర్సిబుల్ అయితే నీటిలో ఉండే జాయింటుకు రెజిన్ పోసే కిట్ తప్ప మరొకటి వద్దు. స్టార్టర్ డబ్బా ఇంట్లో గోడకు ఉండాలి. ఏసీ బయటి యూనిట్‌కు టెర్మినల్ మూత సరిగా వేశారో లేదో చూడండి, సర్వీసింగుకు వచ్చినవాళ్ళు తరచుగా ఒక మర వేసి మిగతావి మరిచిపోతుంటారు. ఎర్త్ గుంట దగ్గర పట్టీని పైపుకు కలిపే బోల్టు ఏడాదికోసారి విప్పి, శుభ్రం చేసి, బిగించి, పైన గ్రీజు పూయండి. సముద్రం దగ్గర నేలలో ఎర్త్ రీడింగ్ బాగానే వస్తుంది, ఆ ఉప్పే బోల్టును తినేస్తుంది.

డాబా మీద సోలార్ పెట్టించే ఆలోచన ఉన్నవాళ్ళ కోసం ఇది. ప్యానెళ్ళ మధ్య ఎంసీ4 కనెక్టర్లు డాబా మీద పడి ఉండకూడదు, ఫ్రేముకు కట్టి నీరు నిలవనిచోట వేలాడాలి. ఒక కంపెనీ ప్లగ్‌ను ఇంకో కంపెనీ సాకెట్‌లో పెట్టడం వద్దు, సరిపోయినట్టే ఉంటుంది కానీ లోపల పట్టు తేడా. డీసీలో నిప్పు ఒకసారి లేస్తే ఏసీ కరెంటులోలాగా తనంతట తాను ఆరిపోదు. ఆ కనెక్టర్లను లోడు ఉండగా చేత్తో లాగకండి.

తుపాను సంగతి కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఉప్పునీళ్ళు పక్క నుంచి కొట్టాయి, కింది రంధ్రంలోంచి పైకి కూడా ఎక్కాయి. ఆ తరువాత చాలా ఇళ్ళలో డబ్బాలు తెరిచి ఫ్యాను గాలికి ఆరబెట్టి మళ్ళీ సప్లై ఇచ్చుకున్నారు. నీరు ఆరింది, ఉప్పు మిగిలింది. తరువాతి నెలల్లో అవి ఒక్కొక్కటే పోతూ వచ్చాయి. ఉప్పునీరు తగిలిన టెర్మినళ్ళను సప్లై ఆపి మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు, అంటే మెగ్గర్ పెట్టి చూశాకే సప్లై ఇవ్వాలి. ఎంసీబీ (లోడు మించితే పడిపోయే స్విచ్), ఆర్‌సీసీబీ లాంటి లోపల మెకానిజం ఉన్నవాటికి ఉప్పునీరు తగిలితే కడగడాలు లేవు, మార్చేయడమే.

ఇక మీ తప్పు ఎక్కడుందో వెతకడం. బయటి ఎంసీబీలు ఒక్కొక్కటే ఆపి చూస్తే తెలుస్తుందనుకుంటారు, సగమే నిజం. మామూలు సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజును మాత్రమే ఆపుతుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. న్యూట్రల్ చెమ్మ మీదుగా ఎర్త్‌ను తాకుతున్నా ఆర్‌సీసీబీ పడిపోతుంది, అప్పుడు ఎంసీబీ ఆపినా తేడా కనపడదు. కాబట్టి మెయిన్ ఆపి, సప్లై లేదని టెస్ట్ చేసుకుని, గేటు లైన్, డాబా లైన్, మోటరు లైన్ మూడింటి ఫేజు, న్యూట్రల్ రెండూ విప్పి, ఒక్కో లైనుకు 500 వోల్టుల మెగ్గర్ పెట్టాలి. ముందుగా ఎల్ఈడీ లైట్లు, అడాప్టర్లు ఊడదీయాలి, లేకపోతే ఆ వోల్టేజీకి అవి పోతాయి. ఫేజు నుంచి ఎర్త్‌కు, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు రెండూ చూడాలి. కనీసం 1 మెగా ఓమ్ ఉండాలి. మంచి లైనులో అంతకు చాలా రెట్లు వస్తుంది. ఈ పరీక్ష ఉదయం ఆరింటికి చేయించండి. ఎలక్ట్రీషియన్ గొణుగుతాడు, టీ ఇచ్చి బతిమాలండి. మధ్యాహ్నం చేస్తే మూడు లైన్లూ బాగున్నాయనే వస్తుంది, మీ డబ్బులు మాత్రం పోతాయి. ఆరింటికి రావడం కుదరదంటే, సప్లై ఆపి ఉంచి, స్ప్రే బాటిల్‌తో మంచినీళ్ళు ఒక్కో డబ్బాలో సన్నగా చల్లి మెగ్గర్ పెట్టమనండి. ఉప్పు ఉన్నచోట ముల్లు వెంటనే కిందికి పడుతుంది. పని అయ్యాక అది ఆరేదాకా సప్లై ఇవ్వకూడదు.

తప్పు దొరికిన లైను వరకు ముందు బాగుచేయించుకోండి, మిగతావి ఆ తరువాత ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు. వీలైతే బయటి లైన్లన్నిటికీ విడిగా ఒక ఆర్‌సీసీబీ పెట్టించుకోండి, గేటు దగ్గర చెమ్మకు ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోకుండా ఉంటుంది. మూడు లైన్ల రీడింగులు, గేటు డబ్బా మూత తీసి అడుగుభాగం కనపడేలా ఒక ఫొటో ఇక్కడ పెట్టండి. సిలికాన్ గొట్టం పారేయకపోయి ఉంటే దాని మీద ఏమని రాసుందో అది కూడా.